వర్తకుల చిల్లర బిళ్లలు: ఏ ప్రాంతపు టోకెన్లతో సేకరణ మొదలుపెట్టాలి?

రాజు బొమ్మ ఉన్న నాణేలను సేకరించేవారు చాలామంది. వలసపాలన కాలంలో కిరాణా వర్తకులు, తేయాకు వ్యాపారులు, కాఫీ మిల్లుల యజమానులు తమ పేర్లతో కొట్టించుకున్న రాగి బిళ్లల మీద దృష్టి పెట్టేవారు తక్కువ. అలా దృష్టి మళ్లినవారు మొదటి నెలలోనే ఒక చిక్కులో పడతారు. ఆస్ట్రేలియా టోకెన్లు పెద్దవి, నిండుగా ఉంటాయి. కెనడావి లెక్కలేనన్ని రకాలతో ఊరిస్తాయి. సింగపూర్ వర్తకుల కెపింగు అనే చిన్న బిళ్ల మీది కోడిపుంజు చూపు తిప్పుకోనివ్వదు. అస్సాం, సిలోన్ (నేటి శ్రీలంక) తోటల బిళ్లలు మన చరిత్రకు దగ్గరివి. అన్నీ కొన్ని కొన్ని చొప్పున పోగేస్తే పెట్టె నిండుతుంది గాని, సేకరణకు ఒక రూపం రాదు. ఒకదాన్ని పట్టుకోవాలి. ఏది?

నా అభిప్రాయం ముందే చెబుతాను. టోకెన్ అంటే ఒక వర్తకుడు లోహం మీద అచ్చు వేయించి ఇచ్చిన మాట. "ఇది తెచ్చినవారికి నా కొట్లో ఒక పెన్నీ విలువ ముట్టజెబుతాను" అన్నదే దాని సారం. ఆ మాట ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, చివరికి అది నిలబడిందా? ఈ మూడు ప్రశ్నలకు ఎక్కడ ఎక్కువ జవాబులు దొరుకుతాయో అక్కడ మొదలుపెట్టమంటాను. అందమూ, అరుదుతనమూ ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇవి ఎందుకు పుట్టాయి

లండన్ టంకశాలకు బంగారం, వెండి మీద ఉన్న శ్రద్ధ రాగి మీద ఉండేది కాదు. ఇంగ్లండు కోసం రాగి నాణేలు కొట్టడం 1775లో ఆగిపోయింది. ఆ వెలితిలో 1787 నుంచి వేల్స్‌లోని ఆంగ్లెసీ ద్వీపంలో పారిస్ (Parys) గనుల కంపెనీ తన సొంత పెన్నీలు విడుదల చేసింది. దాన్ని చూసి వందలాది వర్తకులు అదే బాట పట్టారు. 1797లో మళ్లీ అధికారిక రాగి పెన్నీ వచ్చినప్పుడు కూడా దాన్ని కొట్టింది రాజుగారి టంకశాల కాదు, బర్మింగ్‌హామ్ పక్కన సోహోలో మాథ్యూ బౌల్టన్ నడిపిన ప్రైవేటు టంకశాల.

స్వదేశంలోనే చిల్లరకు ఇంత కరువుంటే సముద్రం అవతల ఎలా ఉంటుందో ఊహించవచ్చు. పంతొమ్మిదో శతాబ్దపు రాగి పెన్నీ బరువు దాదాపు 19 గ్రాములు. పౌనుకు 240 పెన్నీలు. అంటే ఒక్క పౌను విలువైన చిల్లర పంపాలంటే నాలుగున్నర కిలోల రాగిని ఓడెక్కించాలి. ఒక బంగారు సావరిన్ నాణెం పంపితే 8 గ్రాములతో పని తీరిపోతుంది. ప్రభుత్వాలు ఏది పంపుతాయో వేరే చెప్పనక్కరలేదు.

ఉత్తర సర్కారుల కోసం 1794లో ఈస్టిండియా కంపెనీయే సోహోలో "రూపాయికి 48" అని రాసిన రాగి నాణేలు కొట్టించింది. మనం ఇప్పుడు ధనానికంతటికీ వాడుతున్న "డబ్బు" అనే మాట కూడా ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరే. కంపెనీ గాని ప్రభుత్వం గాని ముందుకు రాని చోట ఆ పని వర్తకులు అందుకున్నారు. దానం కోసం కాదు. బిళ్లకు పడే రాగి, అచ్చు, ఓడ ఖర్చులన్నీ కలిపినా దాని మీద రాసిన విలువకంటే తక్కువ. మిగిలేది వర్తకుడికి లాభం. బిళ్ల జనంలో తిరుగుతున్నన్నాళ్లూ అది వడ్డీ లేని అప్పు. పోగొట్టుకున్నవారి బిళ్లకు ఎప్పటికీ చెల్లించే పనే లేదు. పైగా ప్రతి చేతిలోనూ తన కొట్టు పేరు.

ఎంచుకునే ముందు చూడవలసినవి

మొదటిది, జారీచేసినవారి జాడ. పేరు, ఊరు, వ్యాపారం బిళ్ల మీద ఉన్నాయా? ఉంటే, ఆ మనిషి గురించి పాత పత్రికల్లో, దస్తావేజుల్లో వెతికే దారి ఉందా?

రెండవది, సంవత్సరం. ప్రభుత్వ నాణెం మీది సంవత్సరాన్ని నమ్మినట్టు టోకెన్ మీది సంవత్సరాన్ని నమ్మకూడదు. కొన్ని ప్రాంతాల్లో అది కావాలనే తప్పుగా వేసినది.

మూడవది, అసలు చేతులు మారిందా అన్నది. కొన్ని టోకెన్లు సేకరణకర్తలకు అమ్మడానికే పుట్టాయి. అవి ఎప్పుడూ ఒక రొట్టె కొనలేదు, ఒక కూలి తీర్చలేదు. అవి అందంగా ఉండవచ్చు, అయినా చిల్లర చరిత్రలో వాటి చోటు అంచున మాత్రమే.

నాలుగవదాన్ని చాలామంది వదిలేస్తారు. నా లెక్కలో అది అన్నిటికంటే బరువైనది. బిళ్ల తెచ్చినవాడికి నగదు ఇస్తారా, సరుకు ఇస్తారా? నగదు ఇచ్చే బిళ్ల డబ్బుకు దగ్గర. సరుకు మాత్రమే ఇచ్చే బిళ్ల, అందులోనూ కూలి కింద ఇచ్చినది, మనిషిని ఒకే కొట్టుకు కట్టేసే తాడు. రెండూ ఒకే రాగి, ఒకే గుండ్రం. చరిత్రలో రెండిటికీ మధ్య ఆకాశమంత దూరం.

దొరకడం, నకిలీల బెడద ఎలాగూ ఉన్నాయి. వాటి సంగతి ఆయా చోట్ల చెబుతాను.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్

ఆస్ట్రేలియాలో ఈ కథ 1849లో మెల్బోర్న్ కిరాణా వర్తకులు అన్నాండ్, స్మిత్ అండ్ కంపెనీ విడుదల చేసిన పెన్నీతో మొదలవుతుంది. రెండేళ్లకే, 1851లో, బంగారం బయటపడింది. గనుల కోసం జనం ఓడల నిండా దిగారు. బంగారపు రేణువులున్నాయి గాని రొట్టెకు చిల్లర లేదు. తేయాకు కొట్లు, బట్టల దుకాణాలు, ఇనుప సామాను వర్తకులు, సారాయి వ్యాపారులు వరసగా సొంత పెన్నీలు, అరపెన్నీలు తెప్పించుకున్నారు. పెన్నీ సుమారు 34 మిల్లీమీటర్ల వెడల్పు, అరపెన్నీ 28. అంటే పాత బ్రిటిష్ రాగి నాణేల కొలతే. జనం వాటిని సంకోచం లేకుండా అందుకోవడానికి ఆ కొలత కూడా ఒక కారణం.

జాడ అనే కొలతలో ఆస్ట్రేలియాకు సాటి లేదు. బిళ్ల మీద వర్తకుడి పేరు, వ్యాపారం, ఊరు, తరచుగా వీధి కూడా ఉంటాయి. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే ట్రోవ్‌లో ఆనాటి పత్రికలు ఉచితంగా చదవవచ్చు. ఒక పేరు టైపు చేస్తే ఆ కొట్టు ప్రారంభ ప్రకటన, భాగస్వాముల విడిపోవడం, దివాలా, చావు కబురు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. హోబర్ట్‌లో కుదువ వ్యాపారం చేసిన విలియం ఆండ్రూ జార్వీ పేరుతో ఒక పెన్నీ ఉంది. మామూలు బిళ్ల. ఆ పేరు పట్టుకుని వెళ్తే న్యూజిలాండ్‌లోని డునెడిన్ చేరతారు. భార్యకు విషం పెట్టి చంపాడన్న నేరానికి 1865లో అక్కడ అతన్ని ఉరితీశారు. గుండెను పట్టి లాగే ఇలాంటి దారి రాజు బొమ్మ ఉన్న పెన్నీలో దొరకదు.

లండన్ మాత్రల వ్యాపారి థామస్ హోలోవే బిళ్లలది ఇంకో రకం కథ. 1857, 1858 సంవత్సరాలు వేసి, "ప్రొఫెసర్ హోలోవే" అని తన తల బొమ్మతో కొట్టించిన పెన్నీలు, అరపెన్నీలు ఆస్ట్రేలియా చిల్లరలో కలిసిపోయి తిరిగాయి. బొరుసు వైపు మాత్రల, లేపనాల ప్రకటన. అక్కడ ఆయనకు కొట్టు లేకపోయినా ఆయన ప్రకటన నోట్లో మాటలా జేబు జేబుకూ చేరింది.

వెండివి కూడా ఉన్నాయి. సిడ్నీలో హోగార్త్, ఎరిక్సెన్ అండ్ కంపెనీ 1858లోను, 1860లోను మూడు పెన్నీల వెండి బిళ్లలు విడుదల చేసింది. మోర్పెత్ వర్తకుడు జేమ్స్ కాంప్‌బెల్ పేరుతోనూ ఒకటుంది. కొత్తవారు వీటి జోలికి వెళ్లవద్దు. ఖరీదైనవి, అరుదైనవి. రాగిలోనే నేర్చుకోవలసింది బోలెడంత ఉంది.

లోపం ఎక్కడంటే, మూడవ కొలతలో. లండన్ అచ్చుల తయారీదారు డబ్ల్యూ. జె. టేలర్ తన దగ్గరున్న అచ్చులను ఇష్టం వచ్చినట్టు జతచేసి, ఒక వర్తకుడి బొమ్మకు ఇంకొకరి బొరుసు తగిలించి సేకరణకర్తలకు అమ్మాడు. ఇలాంటి జోడు తప్పిన బిళ్లలు ఎప్పుడూ వాడుకలో లేవు. కొత్తగా మెరిసే బిళ్ల, రెండు వైపులా పొంతన లేని ఊళ్లు కనిపిస్తే ఆగి ఆలోచించండి. మరో చిక్కు: మెల్బోర్న్‌లోని థామస్ స్టోక్స్ లాంటి అచ్చుపనివారు ఒకే బొరుసును అనేకమంది వర్తకులకు వాడారు. కాబట్టి బొరుసును చూసి వర్తకుణ్ణి తేల్చలేం.

విక్టోరియా 1863లో, న్యూసౌత్‌వేల్స్ 1868లో టోకెన్లను చట్టవిరుద్ధం చేశాయి. 1860లో బ్రిటన్ రాగిని వదిలి కంచుకు మారడంతో పెన్నీ బరువు సగానికి, దాదాపు 9.4 గ్రాములకు తగ్గింది. అప్పుడు చిల్లర పంపడం ప్రభుత్వానికి గిట్టుబాటు అయింది. వర్తకుడి మాట అవసరం తీరిపోయింది.

న్యూజిలాండ్ దాదాపు ఇదే కథకు ఆలస్యంగా వచ్చిన రెండో అంకం. 1857లో మొదలై, క్రైస్ట్‌చర్చ్‌లో సంగీత వాద్యాలు అమ్మిన మిల్నర్ అండ్ థాంప్సన్ వారి 1881 పెన్నీతో ముగుస్తుంది. అక్కడి పాత పత్రికలకు పేపర్స్ పాస్ట్ అనే ఉచిత భాండాగారం ఉంది. మొదలూ చివరా స్పష్టంగా ఉన్న చిన్న సేకరణ కోరుకునేవారికి ఆస్ట్రేలియాకంటే న్యూజిలాండే మేలు.

కెనడా

కెనడా చిల్లర ఒక చిక్కుముడి. ముడి విప్పడంలో ఆనందం ఉన్నవారికి ఇంతకంటే మంచి చోటు లేదు.

ఇక్కడ సంవత్సరం అబద్ధం చెబుతుంది. ప్రైవేటు టోకెన్ల దిగుమతిని 1825లో దిగువ కెనడా (నేటి క్యుబెక్ ప్రాంతం) నిషేధించింది. చట్టం రాతలో ఉన్న లొసుగు వల్ల పాత సంవత్సరం వేసుకున్న బిళ్లలు దాటుకుని వచ్చేశాయి. ఒక వైపు తల, మరో వైపు వీణ ఉన్న 1820 నాటి అరపెన్నీలు అలాంటివే. నిజానికి అవి చట్టం తర్వాత పుట్టినవి. మాంట్రియల్ కిరాణా వర్తకుడు జోసెఫ్ టిఫిన్ 1832లో ఇంగ్లండు నుంచి తెప్పించినవాటి మీద ఉన్నది 1812. బిళ్లను పట్టుకుని "ఇది ఏ ఏడాదిది?" అని అడిగితే సమాధానం లోహం మీద కాదు, చట్టాల చరిత్రలో ఉంటుంది.

జారీచేసినవారి పేర్లు కొన్ని చోట్ల బాగా ఉన్నాయి. హాలిఫాక్స్‌లో స్టార్ అండ్ షానన్, హోస్టర్‌మన్ అండ్ ఎటర్, జాన్ అలెగ్జాండర్ బారీ 1814, 1815 ప్రాంతంలో అరపెన్నీలు విడుదల చేశారు. 1817లో నోవాస్కోషియా ప్రభుత్వం వాటిని మూడేళ్లలో తొలగించాలని ఆదేశించింది. ఆ తర్వాత 1823 నుంచి తానే ముళ్లచెట్టు పువ్వు బొమ్మతో బిళ్లలు కొట్టించింది, అదీ లండన్ అనుమతి లేకుండా. మాంట్రియల్‌లో సారా బట్టీలు నడిపిన మోల్సన్ కుటుంబానికి 1837 నాటి సొంత టోకెన్ ఉంది. సెయింట్ లారెన్స్ అఖాతంలోని మాగ్డలెన్ దీవుల యజమాని ఐజాక్ కాఫిన్ 1815లో కొట్టించిన పెన్నీ మీద ఒక వైపు సీలు అనే సముద్ర జంతువు, మరో వైపు చీల్చిన కాడ్ చేప. ఆ దీవుల బతుకంతా ఆ రెండు బొమ్మల్లో ఉంది.

కాని కెనడాలో ఎక్కువ భాగం బిళ్లల మీద వర్తకుడి పేరే ఉండదు. ఓడలు, వెల్లింగ్టన్ ప్రభువు తల, వ్యాపారానికి జయం కలగాలనే నినాదాలు మాత్రమే ఉంటాయి. వాటి జారీదారుణ్ణి పట్టుకోవడం కష్టం. 1830లలో బ్యాంకులు రంగంలోకి దిగాయి. మాంట్రియల్ బ్యాంకు పూలగుత్తి బొమ్మతో వేసిన బిళ్ల మీద ఫ్రెంచిలో "ఒక సూ" (సూ అంటే ఒక చిల్లర నాణెం) అనడానికి బదులు బహువచనం పడింది. ఆ తప్పుతోనే అది ఊరంతా తిరిగింది. దాన్ని చూసి ఇతరులు కొట్టించిన పూలగుత్తి బిళ్లల రకాలు ఇన్నీ అన్నీ కావు. 1837లో నాలుగు బ్యాంకులు చలికాలపు దుస్తుల్లో ఉన్న పల్లెరైతు బొమ్మతో పెన్నీలు, అరపెన్నీలు తెచ్చాయి. బ్యాంక్ ఆఫ్ అప్పర్ కెనడా 1850 నుంచి 1857 వరకు సెయింట్ జార్జి, డ్రాగన్ బొమ్మతో వేసినవి నేటికీ సులభంగా దొరుకుతాయి. 1858లో దశాంశ నాణేలు రావడంతో ఈ యుగం ముగింపుకు వచ్చింది.

కెనడాలో నాకు అత్యంత ఇష్టమైనవి "కమ్మరి" టోకెన్లు. అరిగిపోయిన బ్రిటిష్ అరపెన్నీల్లా కనిపించాలని మొరటుగా, అరిగినట్టే అచ్చువేసిన బిళ్లలు ఇవి. కొత్తగా పుట్టినవే పాతవిగా నటించాయి. చేతిలో పెట్టుకుని చూస్తే, ఆనాటి జనానికి చిల్లర ఎంత కరువో ఏ పుస్తకం చెప్పనంత బలంగా తెలుస్తుంది. వీటి అరుగుదలను బట్టి వాడుకను అంచనా వేయకూడదు. పుట్టుకతోనే అరిగినవి కదా.

వర్గీకరణకు మాత్రం కెనడా సేకరణకర్తలు అదృష్టవంతులు. పియర్ నెపోలియన్ బ్రెటన్ 1894లో బొమ్మలతో అచ్చువేసిన జాబితా సంఖ్యలను నేటికీ అందరూ వాడుతున్నారు. అమ్మేవారు "బ్రెటన్ సంఖ్య" చెప్పలేకపోతే వారికి వస్తువు తెలియదని అర్థం చేసుకోవచ్చు. ఆస్ట్రేలియాకు అలాంటి స్థానం ఆర్థర్ ఆండ్రూస్ 1921లో వెలువరించిన జాబితాది.

సింగపూర్ వర్తకుల కెపింగులు

ఇవి చిన్నవి, చవకగా తయారైనవి, చాలా తెలివైనవి. 1820ల చివరి నుంచి సుమారు పాతికేళ్లపాటు సింగపూర్‌లోని వర్తకులు ఇంగ్లండులో అచ్చువేయించి తెప్పించారు. మలయ్ భాషలో, అరబీ లిపి నుంచి పుట్టిన జావీ రాతలో "ఒక కెపింగ్" అని ఉంటుంది. బాగా తెలిసిన రకం మీద కోడిపుంజు, "మలయుల నేల" అనే మాట. సంవత్సరం ఇస్లాం పంచాంగం ప్రకారం హిజ్రీ 1247, అంటే 1831-32.

ఆస్ట్రేలియా వర్తకుడు తన పేరు చాటుకున్నాడు. సింగపూర్ వర్తకుడు తన పేరు దాచుకున్నాడు. ఈ బిళ్లలు సింగపూర్‌లో ఆగవు. మిరియాలు, తగరం కొనే ఓడల్లో సుమత్రా, బోర్నియో, సెలెబిస్ (నేటి సులవేసి) తీరాలకు వెళ్లి, డచ్చివారి చిన్న రాగి నాణేల చోటులోకి చొరబడ్డాయి. అందుకే ఒక్కో తీరానికి ఒక్కో పేరుతో, పెరాక్ అనీ, సెలంగోర్ అనీ, బుగిస్ నేల అనీ రకాలు పుట్టాయి. ఈస్టిండియా కంపెనీ చిహ్నాన్ని పోలిన చిహ్నంతో "సుల్తానా ద్వీపం" అనే లేని దేశం పేరు వేసినది కూడా ఉంది.

జాడ అనే కొలతలో ఇవి బాగా వెనకబడతాయి. సంవత్సరం విషయంలో అయితే ఇంకా ఘోరం. అచ్చు వేసినచోట ఆ లిపి చదవగలవారు లేరు కాబోలు, ఒక కోడిపుంజు రకం మీద 1411 అని పడింది. ఆ హిజ్రీ సంవత్సరం వచ్చింది 1990లో! ఆ తప్పును స్వయంగా చదివి పట్టుకున్న రోజు కలిగే ఉత్సాహం వేరు. దానికి ఒక పది అంకెలు నేర్చుకుంటే చాలు. ఒక్క మధ్యాహ్నం పని.

ఈస్టిండియా కంపెనీ 1845 సంవత్సరం వేసిన రాగి సెంట్లు చలామణీలోకి వచ్చాక వీటి అవసరం తగ్గుతూ పోయింది. లక్షల్లో అచ్చు పడ్డాయి కనుక సాధారణ రకాలు తేలిగ్గానే దొరుకుతాయి. చోటు తక్కువ, ఖర్చు తక్కువ, వ్యాపార చరిత్ర మీద ఆసక్తి ఎక్కువ ఉన్నవారికి ఇవి సరిపోతాయి.

తోటల, మిల్లుల బిళ్లలు: సిలోన్, అస్సాం

ఇక్కడికి వచ్చేసరికి కొలతలే మారిపోతాయి. వీటిని చాలా జాబితాలు వర్తకుల టోకెన్ల పక్కనే పెడతాయి. వస్తువుగా చూస్తే దగ్గరివే. కాని ఇవి కొనుగోలుదారు చేతికి కాదు, కూలి చేతికి వెళ్లాయి.

కొలంబోలో కాఫీ గింజలను ఆరబెట్టి, పొట్టు తీసి, ఏరే మిల్లులు ఉండేవి. గింజలు ఏరే పనిలో ఎక్కువగా ఉన్నది ఆడవారు. పని ముగిశాక చేతిలో పెట్టే బిళ్ల ఆ రోజు కష్టానికి లెక్క. హల్ట్స్‌డార్ఫ్ మిల్లు పేరున్న 1876 నాటి బిళ్లలు వీటిలో పేరున్నవి. 1869లో సిలోన్ కాఫీ ఆకులకు తుప్పు తెగులు సోకింది. తర్వాతి రెండు దశాబ్దాల్లో కాఫీ కూలిపోయి తేయాకు వచ్చింది. అంటే ఆ బిళ్లల మీద కనిపిస్తున్నది మునిగిపోతున్న పరిశ్రమ.

అస్సాం, కాచార్, సిల్హెట్ తేయాకు తోటల్లో చిల్లర దొరకక, తోట పేరో, పేరులోని అక్షరాలో ఉన్న బిళ్లలతో కూలి చెల్లించారు. తోట బజారులో సరుకు కొనడానికో, తోట కచేరీలో మార్చుకోవడానికో అవి పనికొచ్చేవి. తోట దాటితే వాటికి విలువ లేదు. 1859 నాటి చట్టం ప్రకారం ఒప్పందం తప్పి పని మానేసిన కూలీకి శిక్ష పడేది. ఆ చట్టాన్ని 1920ల మధ్యలో గాని రద్దు చేయలేదు. పారిపోతే శిక్ష, దాటితే చెల్లని కూలి. ఈ రెండూ ఒకేసారి గుర్తుంచుకుని ఆ ఇత్తడి బిళ్లను చూడాలి. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువారు కూడా ఆ తోటల్లో పనిచేశారు. కాబట్టి వీటిని నేను కేవలం "వింత వస్తువు"గా చూడలేను, చూడవద్దనే అంటాను.

సేకరణ దృష్టితో చూస్తే వీటి బలహీనత పెద్దది. అక్షరాలు మాత్రమే ఉన్న బిళ్ల ఏ తోటదో తేల్చడం ఏళ్ల పని. దస్తావేజులు కంపెనీల దగ్గర చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో లాగా పేరు టైపు చేస్తే కథ దొరకదు. ఓర్పు ఉన్నవారికీ, శ్రామిక చరిత్ర మీద నిజమైన అక్కర ఉన్నవారికీ మాత్రమే వీటిని సూచిస్తాను. అలాంటివారు తక్కువ, అందువల్ల చేయవలసిన పని చాలా మిగిలి ఉంది.

దక్షిణాఫ్రికాలో స్ట్రాకన్ అండ్ కంపెనీ ఈ రెండు లోకాల మధ్య నిలుస్తుంది. ఈస్ట్ గ్రిక్వాలాండ్ ప్రాంతంలోని దాని దుకాణాలు 1874 నుంచి మూడు పెన్నీల నుంచి రెండు షిల్లింగుల వరకు నాలుగు విలువల్లో టోకెన్లు ఇచ్చాయి. వాటి మీద "సరుకులో" అని స్పష్టంగా రాసి ఉంటుంది. నాలుగు బిళ్లలతో సేకరణ పూర్తవుతుంది గనుక ప్రధాన సేకరణకు తోడుగా బాగుంటుంది.

చదవండి, కొనవద్దు

రెండు రకాలను తెలుసుకోవాలి గాని కొనే ఆలోచన పెట్టుకోకూడదు. ఒకటి, స్పెయిన్ పాలనలోని మెక్సికో "త్లాకో". చాలాకాలం అక్కడి అతిచిన్న వెండి నాణెం అర రియల్. పేదవాడు ఒక పూటకు కొనే సరుకు దానికంటే చాలా తక్కువ. అందుకే కొట్లవారు రియల్‌లో ఎనిమిదో వంతుకు చెక్క, తోలు, రాగి ముక్కలిచ్చారు. ఏ కొట్టు ముక్క ఆ కొట్లోనే చెల్లేది. 1814లో అధికారిక రాగి నాణేలు వచ్చాయి. చెక్క ముక్కకు పుట్టుక రుజువు చేయడం దాదాపు అసాధ్యం.

రెండవది, కనెక్టికట్ వైద్యుడు శామ్యూల్ హిగ్లీ తన గని రాగితో 1737లో వేసిన బిళ్లలు. మొదట "మూడు పెన్నీల విలువ" అని రాశాడు. తర్వాతివాటి మీద మాట మారింది: "మీ ఇష్టం వచ్చినంత వెల కట్టండి", మరో వైపు "నేను మంచి రాగిని". టోకెన్ల చరిత్రలో ఇంత నిజాయితీ ఉన్న రాత నేను చూడలేదు. అసలువి చాలా అరుదు. మీ ముందుకు వచ్చేది నకలే అయ్యే అవకాశం ఎక్కువ.

ఒకచోట చూస్తే

| రకం | ముఖ్య కాలం | జారీదారు జాడ | సంవత్సరంపై నమ్మకం | దేనితో చెల్లింపు | కొత్తవారికి |
|---|---|---|---|---|---|
| ఆస్ట్రేలియా | 1849–1868 | చాలా బాగుంది | చాలావరకు సరే | ఎక్కువగా నగదు, సరుకు రెండూ | మొదటి ఎంపిక |
| న్యూజిలాండ్ | 1857–1881 | చాలా బాగుంది | చాలావరకు సరే | అదే తీరు | చిన్న, పూర్తి సేకరణకు |
| కెనడా | 1814–1858 | కొన్నిటికే | తక్కువ | వర్తకులు, బ్యాంకులు | పరిశోధన ఇష్టమైతే |
| సింగపూర్ కెపింగులు | 1828–1850ల ప్రారంభం | చాలా తక్కువ | చాలా తక్కువ | తీర వ్యాపారపు చిల్లర | ఖర్చు తగ్గించుకోవాలంటే |
| సిలోన్, అస్సాం | 19వ శతాబ్దం, తర్వాత కూడా | కష్టం | తరచుగా సంవత్సరమే ఉండదు | కూలి, తోట బజారు | ఓర్పు ఉంటేనే |

ఆస్ట్రేలియానా, కెనడానా?

చాలామంది చివరికి తేల్చుకోలేనిది ఈ రెండిటి మధ్యే. మనుషుల మీద ఆసక్తి ఉంటే ఆస్ట్రేలియా. ఒక్క బిళ్ల పట్టుకుని ఒక జీవితాన్ని వెలికితీయవచ్చు. రాజ్యానికీ వర్తకానికీ మధ్య సాగిన దోబూచులాట మీద ఆసక్తి ఉంటే కెనడా. నిషేధం, లొసుగు, తప్పు సంవత్సరం, బ్యాంకుల ప్రవేశం, కమ్మరి నకళ్లు అన్నీ అక్కడే ఉన్నాయి. కెనడాలో పది బిళ్లలు పక్కపక్కన పెడితేనే కథ కనబడుతుంది. ఆస్ట్రేలియాలో ఒక్కటి చాలు. కాబట్టి నెలకు ఒకటో రెండో కొనగలిగేవారు ఆస్ట్రేలియాతో మొదలుపెట్టడమే న్యాయం. అచ్చుల మధ్య సన్నని తేడాలు భూతద్దంతో వెతకడంలో సుఖముందని తమ గురించి ముందే తెలిసినవారు నేరుగా కెనడాకు వెళ్లవచ్చు.

పిల్లలకు పాఠం చెప్పే ఉపాధ్యాయులకు నా సలహా వేరు. ఒక ఆస్ట్రేలియా పెన్నీ, ఒక కోడిపుంజు కెపింగు, ఒక తోట బిళ్ల, మూడూ కలిపి బల్ల మీద పెట్టండి. ఎవరి పేరు ఉంది, ఎవరి పేరు లేదు అని అడిగితే చాలు, తరగతి దానంతట అదే నడుస్తుంది.

కొనేటప్పుడు

అరిగిన బిళ్లను చిన్నచూపు చూడకండి. పేరు చదవగలిగినంత మిగిలి ఉంటే, అంచులు నునుపెక్కిన బిళ్లే నాకు ముద్దు. అది పనిచేసి వచ్చింది. కన్నం పడినదానికి ధర తగ్గుతుంది. కన్నం వాడుక నాటిదైతే దానికీ ఒక కథ ఉంటుంది గనుక నేను కొంటాను.

తోమినవి మాత్రం వద్దు. రాగికి సహజంగా పట్టిన గోధుమరంగు పొర పోతే తిరిగి రాదు. గులాబీరంగులో మెరిసే పాత రాగిని చూస్తే ఎవరో రసాయనంతో కడిగారని గ్రహించండి. నా మొదటి బిళ్లను అలాగే మెరుస్తోందని మురిసిపోయి కొన్నాను. ఏడాదికి మచ్చలు తేలాయి, ఇప్పటికీ దాన్ని చూస్తే బాధే.

అంచు చుట్టూ సన్నని గీత కనిపిస్తే అది అచ్చుతో కొట్టినది కాదు, మూసలో పోత పోసినది కావచ్చు. బరువు, వ్యాసం జాబితాతో పోల్చండి. అయస్కాంతానికి అంటుకుంటే అక్కడితో వదిలేయండి. భద్రపరచడానికి మెత్తని పీవీసీ సంచులు వాడవద్దు. అవి కాలక్రమంలో ఆకుపచ్చని జిడ్డును వదిలి రాగిని తింటాయి. కాగితపు కవరు చాలు, అది ఆమ్లం లేనిదైతే మంచిది. పాత సేకరణ నుంచి వచ్చిన బిళ్లతో చేతిరాత చీటీ ఉంటే దాన్ని పారేయకండి, బిళ్లతోపాటే దాచండి. ఎవరి దగ్గర, ఎప్పుడు, ఏ సంఖ్య కింద కొన్నారో మీ చీటీ కూడా దాని పక్కన చేర్చండి.